ఎవరి తాలూకు?

కాకినాడ నుంచి మా మేనకోడలు ఫోన్ చేసింది. ఇంజనీరింగ్ చివరి సంవత్సరం చదువుతోంది, ప్రాజెక్టు రిపోర్టు గడువు దగ్గర పడింది. "మావయ్యా, రెండు రోజుల నుంచి లాప్‌టాప్ ఊరికే ఉన్నా ఫ్యాను రొద పెడుతోంది. ఒళ్లో పెట్టుకోలేకపోతున్నాను, కాలిపోతోంది. ఏమవుతోందో చూద్దామని టాస్క్ మేనేజర్ తెరిస్తే ఫ్యాను నెమ్మదిస్తోంది, మూసేస్తే మళ్లీ మొదలు. పైగా లోపల ఎస్‌విసిహోస్ట్ అని ఒకే పేరుతో డెబ్భై పైన ఉన్నాయి. వైరస్సే కదా? అన్నీ తీసెయ్యనా?"

"ఒక్కదాన్ని కూడా ముట్టుకోకు తల్లీ, రాత్రికి ఇద్దరం కూర్చుని చూద్దాం" అన్నాను.

ఆ పిల్ల మాటల్లో రెండు వేర్వేరు సంగతులు కలిసిపోయాయి. ఒకే పేరుతో డెబ్భై ఉండటం ఆమెను హడలగొట్టింది. నిజానికి అందులో భయపడాల్సింది ఏమీ లేదు. టాస్క్ మేనేజర్ తెరవగానే ఫ్యాను నెమ్మదించడం యథాలాపంగా చెప్పింది. నా గుండె ఝల్లుమన్నది అక్కడ. ఈ రెంటినీ విడదీసి చూడటం చేతనైతే, కంప్యూటర్లో తెర వెనక నడిచేవాటిలో ఏది మనది, ఏది పరాయిది అన్న ప్రశ్నకు సగం జవాబు దొరికినట్టే.

మన ఊళ్లలో కొత్త మనిషి వీధిలోకి వస్తే అరుగు మీద కూర్చున్న పెద్దవాళ్లు ముందు పేరు అడగరు. "ఎవరి తాలూకు బాబూ?" అంటారు. ఏ ఊరి నుంచి రాక, ఎవరింటికి, ఏం పని మీద అన్నవి ఆ తర్వాత. పేరుదేముంది, ఎవరైనా ఏదైనా చెప్పొచ్చు. ఎవరి తాలూకో చెప్పినప్పుడు మాత్రం దానికి ఇంకొకరు ఔననాలి. కంప్యూటర్ భద్రత మీద పనిచేసేవాళ్లు తెలియని ప్రాసెస్‌ను పట్టుకుని అడిగేదీ ఇదే వరసలో ఉంటుంది.

అసలు ప్రాసెస్ అంటే ఏమిటి? డిస్కు మీద కదలకుండా పడి ఉన్న ఫైలు ప్రోగ్రాము, నాటకం పుస్తకం లాంటిది. దాన్ని మెమరీలోకి తెచ్చి, ప్రాసెసర్ తన సమయంలో వంతు ఇచ్చి నడిపిస్తున్నప్పుడు అది ప్రాసెస్. అంటే ప్రదర్శన. ఒకే పుస్తకం పట్టుకుని ఒకే రాత్రి మూడు ఊళ్లలో మూడు సమాజాలు ఆడొచ్చు. పుస్తకం ఒకటే, ప్రదర్శనలు మూడు. అందుకని ఒకే పేరుతో చాలా ప్రాసెస్‌లు కనబడటం దానంతట అది తప్పేమీ కాదు. ప్రతి ప్రదర్శనకూ ఒక వరస సంఖ్య ఉంటుంది. నడిపిస్తున్న వ్యవస్థ వాటిని గుర్తుపట్టేది ఆ సంఖ్యతోనే, పేరుతో కాదు.

బ్యాక్‌గ్రౌండ్ అనడానికి మనం నేపథ్యం అంటాం. ఆ మాటకు అసలు అర్థం తెర వెనక నటులు వేషం కట్టుకునే చోటు. ఇంతకన్నా తగిన మాట దొరకదు. సురభి వారి మాయాబజార్ చూసినవాళ్లకు తెలుసు, తెర ముందు కనబడే అద్భుతాలన్నీ తెర వెనక తాళ్లు లాగేవాళ్ల చలవ. కంప్యూటర్లోనూ మనకు కనబడే కిటికీ ఒకటో రెండో. వెనక నూటికి పైగా పనివాళ్లు ఉంటారు. గడియారం సరిచేసేవాడొకడు, వైఫై చూసుకునేవాడొకడు, శబ్దం పలికించేవాడొకడు. వేషం మార్చుకున్నవాడు దాక్కోవడానికి అనువైన చోటూ అదే.

ఈ తెర వెనక పనివాళ్లకు పేరు పెట్టిన కథ బాగుంటుంది. 1963 ప్రాంతంలో అమెరికాలోని ఎంఐటీలో ఫెర్నాండో కార్బటో బృందం ఐబీఎం 7094 కంప్యూటర్ మీద పనిచేస్తోంది. ఎవరూ చెప్పకుండానే ఫైళ్లకు టేపు మీద నకళ్లు తీసిపెట్టే ప్రోగ్రాము ఒకటి అందులో ఉండేది. దాన్ని వాళ్లు డీమన్ అన్నారు. భౌతికశాస్త్రంలో జేమ్స్ క్లార్క్ మాక్స్‌వెల్ ఊహించిన భూతం ఒకటుంది. రెండు గదుల మధ్య తలుపు దగ్గర కూర్చుని, వేగంగా వచ్చే అణువుల్ని ఒకవైపు, నెమ్మదిగా వచ్చేవాటిని మరోవైపు విసుగూ విరామం లేకుండా వేరుచేస్తూ ఉంటుంది. ఆ భూతం పేరే వీళ్లు తీసుకున్నారు. లినక్స్‌లో చాలా నేపథ్య ప్రోగ్రాముల పేర్ల చివర నేటికీ కనబడే 'డి' అక్షరం ఆ డీమన్‌దే.

ఇక మా మేనకోడలిని భయపెట్టిన ఎస్‌విసిహోస్ట్. దీని పూర్తి పేరు సర్వీస్ హోస్ట్. విండోస్ 2000తో వచ్చింది. విండోస్ సేవలు చాలావరకు తమంతట తాము నడవలేని గ్రంథాలయ ఫైళ్లు, డీఎల్ఎల్ అంటారు. వాటిని నడపడానికి ఒక ఆతిథ్య ప్రోగ్రాము కావాలి. ఆ సత్రమే ఎస్‌విసిహోస్ట్. మొదట్లో మెమరీ ఖరీదైనది గనుక ఒక్కో సత్రంలో పదీ పదిహేను సేవల్ని సర్దేవారు. దాంతో ఒక చిక్కు ఉండేది. ఒక సేవ కూలితే అదే సత్రంలో ఉన్నవన్నీ కూలేవి. పైగా ప్రాసెసర్‌ను తినేస్తున్నది ఏ సేవో తేలేది కాదు. 2017లో వచ్చిన విండోస్ 10 మార్పుతో, మూడున్నర జీబీకి మించి మెమరీ ఉన్న యంత్రాల్లో చాలా సేవలకు ఎవరి గది వారికి ఇచ్చేశారు. ఇరవై ఉన్నవి డెబ్భై అయింది అందువల్లే. అంటే ఆ సంఖ్య పెరగడం జబ్బు లక్షణం కాదు, కట్టుదిట్టం పెరిగిన గుర్తు. సిస్టమ్ ఐడిల్ ప్రాసెస్ 95 శాతం వాడేస్తోందని కంగారు పడేవాళ్లూ చాలామంది ఉంటారు. అది ప్రాసెసర్ ఖాళీగా ఉన్న సమయం లెక్క.

జాతరలో జనం ఎక్కువైతే జేబుదొంగకు పండగ. డెబ్భై మందిలో డెబ్భై ఒకటోవాడిని ఎవరు చూస్తారు? అందుకే ఎస్‌విసిహోస్ట్ పేరు పెట్టుకున్నంతగా దొంగ ప్రోగ్రాములు మరే పేరూ పెట్టుకున్నట్టు కనబడదు. కొన్ని పేరును యథాతథంగా వాడతాయి. కొన్ని వి, సి అక్షరాల్ని తారుమారు చేస్తాయి. కొన్ని 'ఓ' అక్షరం బదులు సున్నా పెడతాయి. మనం లాగిన్ అయ్యేటప్పుడు పాస్‌వర్డ్ సంగతి చూసే ఎల్‌సాస్ అనే ప్రాసెస్ ఒకటుంది. దాని పేరు ఇంగ్లీషులో చిన్నబడి 'ఎల్'తో మొదలవుతుంది. అక్కడ పెద్దబడి 'ఐ' పెడితే చాలా అక్షరరూపాల్లో రెండూ ఒకే నిలువు గీత. కన్ను పట్టలేదు. లినక్స్‌లోనూ ఇదే ఆట. అక్కడ వ్యవస్థకు గుండెకాయ లాంటి కెర్నెల్ సొంత ప్రాసెస్ ఒకటి కెడెవ్‌టీఎంపీఎఫ్ఎస్ అని ఉంటుంది. కిన్‌సింగ్ అనే దొంగల ముఠా సరుకు సర్వర్లలో దూరి, ఆ పేరు చివర ఒక్క 'ఐ' తగిలించుకుని క్రిప్టో నాణేలు తవ్వుకుంటుంది. నడిరాత్రి సర్వర్ నెమ్మదించిందని లేచి జాబితా చూస్తున్న ఇంజనీరు ఆ ఒక్క అక్షరాన్ని పట్టుకోవాలి.

పేరు చూసి నమ్మితే ఇదీ ముప్పు. పేరు చూసి భయపడితే ఇంకో ముప్పు. 2002లో ఒక ఈమెయిల్ దేశదేశాలు తిరిగింది. మీ కంప్యూటర్లో జేడీబీజీఎంజీఆర్ అనే ఫైలు ఉందేమో చూడండి, దాని బొమ్మ ఎలుగుబంటి పిల్ల, అది పద్నాలుగు రోజులు నిద్రపోయి లేచే వైరస్, ఏ యాంటీవైరసూ పట్టలేదు, వెంటనే తీసేసి మీకు తెలిసినవాళ్లందరికీ చెప్పండి అని. చూసినవాళ్లకు ఎలుగుబంటి నిజంగానే కనబడింది. ఎందుకు కనబడదు? అది విండోస్‌తో పాటే వచ్చిన జావా పనిముట్టు. దాన్ని తయారుచేసినవాళ్లు పెట్టిన బొమ్మ అది. అంతకు ముందు ఏడాది విండోస్ 98లో పొడుగు ఫైలు పేర్లను కాపాడే సల్ఫ్‌ఎన్‌బీకే అనే ఫైలు మీదా ఇలాంటి పుకారే లేచింది. ఈ రెండు సందర్భాల్లో నష్టం చేసిన వైరస్ ఏదీ లేదు. మనుషులే తమ చేత్తో తమ ఫైళ్లు తీసేసుకున్నారు, ఆప్తులందరికీ చెప్పి తీయించారు. మా మేనకోడలు డెబ్భై ఎస్‌విసిహోస్ట్‌లను తీసెయ్యనా అన్నప్పుడు నాకు గుర్తొచ్చింది ఆ ఎలుగుబంటే. కొన్ని సత్రాల్ని మూసేస్తే నెట్ పోతుంది, కొన్నిటితో శబ్దం పోతుంది, మరికొన్నిటితో యంత్రమే ఆగిపోతుంది, సేవ్ చేయని రిపోర్టుతో సహా.

కాబట్టి పేరు పక్కన పెట్టి ఊరు అడగాలి. ప్రాసెస్ ఊరంటే దాని ఫైలు ఉన్న ఫోల్డరు. టాస్క్ మేనేజర్‌లో దాని మీద కుడి బటన్ నొక్కితే ఓపెన్ ఫైల్ లొకేషన్ అని వస్తుంది. నిజమైన ఎస్‌విసిహోస్ట్ నివాసం విండోస్ ఫోల్డరులోని సిస్టమ్32. 64 బిట్ల యంత్రంలో 32 బిట్ల నకలు ఒకటి పక్కనే సిస్‌వావ్64లో ఉంటుంది. డౌన్‌లోడ్స్‌లోనో, టెంప్‌లోనో, యాప్‌డేటాలోనో అదే పేరు కనబడితే అది మారువేషమే. ఈ గుర్తుకు బలం ఎక్కడి నుంచి వస్తుందంటే, సిస్టమ్32లో రాయాలంటే పాలనాధికారం కావాలి. యాప్‌డేటాలో రాయడానికి ఎవరి అనుమతీ అక్కరలేదు, అది వాడుకరి సొంత పెరడు. దొంగ సులువుగా దూరగలిగేది అక్కడికే. అలాగని పెరట్లో ఉన్నవన్నీ దొంగలు కావు. క్రోమ్ లాంటి మంచి ప్రోగ్రాములు కూడా కొన్నిసార్లు అక్కడే దిగుతాయి. కిన్‌సింగ్ వేషమూ ఊరు అడగ్గానే తొలగిపోతుంది. అసలు కెర్నెల్ ప్రాసెస్‌కు డిస్కు మీద ఫైలే ఉండదు. ఈ దొంగకు టీఎంపీ అనే తాత్కాలిక ఫోల్డరులో ఉంటుంది.

తర్వాతి ప్రశ్న, ఎవరు పంపారు? ఆకాశం నుంచి ఊడిపడే ప్రాసెస్ లేదు. ప్రతిదాన్నీ ఇంకొకటి పుట్టిస్తుంది. విండోస్‌లో విన్‌ఇనిట్ అనేది సర్వీసెస్ అనే ప్రాసెస్‌ను పుట్టిస్తుంది, ఆ సర్వీసెస్ ఎస్‌విసిహోస్ట్‌లను పుట్టిస్తుంది. తల్లి వేరే అయితే అనుమానించాల్సిందే. టాస్క్ మేనేజర్ ఈ వంశవృక్షాన్ని సరిగా చూపదు. మార్క్ రుసినోవిచ్ రాసిన ప్రాసెస్ ఎక్స్‌ప్లోరర్ చూపుతుంది. ఆయన, బ్రైస్ కాగ్స్‌వెల్ కలిసి 1996లో మొదలుపెట్టిన సిస్‌ఇంటర్నల్స్ పనిముట్లను 2006లో మైక్రోసాఫ్ట్ కొనుక్కుంది. ఇప్పటికీ ఉచితంగా ఇస్తోంది. నా అభిప్రాయంలో విండోస్ వాడే ప్రతి విద్యార్థీ నేర్చుకోదగ్గ పనిముట్టు అది. అందులో వంశవృక్షం చూడటం అలవాటైతే కొన్ని సంబంధాలు కంట్లో నలుసులా తగులుతాయి. వర్డ్‌లో ఉత్తరం తెరిస్తే ఆ వర్డ్ కడుపున పవర్‌షెల్ పుట్టిందనుకోండి. ఉత్తరానికి ఆదేశాలు నడిపే పనిముట్టుతో ఏం పని? పేరు మంచిదే, ఊరు మంచిదే, మైక్రోసాఫ్ట్ వాళ్ల సొంత ప్రోగ్రామే. పంపినవాడిని బట్టి చూస్తేనే మోసం బయటపడుతుంది.

మూడో ప్రశ్న ముద్ర గురించి. దీని వెనక ఉన్న గణితం అందమైనది. ఎంత పెద్ద ఫైలైనా సరే, షా-256 అనే లెక్కలో వేస్తే 256 బిట్ల వేలిముద్ర ఒకటి వస్తుంది. ఫైలులో ఒక్క బిట్ మార్చినా వేలిముద్రలో సుమారు సగం బిట్లు మారిపోతాయి. రాగల వేలిముద్రల సంఖ్య 78 అంకెలది. కావాలని ప్రయత్నించి ఇంకో ఫైలును అదే వేలిముద్ర వచ్చేలా తయారుచేసే దారి ఇంతవరకు ఎవరికీ దొరకలేదు. ప్రోగ్రాము తయారుచేసిన సంస్థ ఆ వేలిముద్ర మీద తన రహస్య తాళంతో ముద్ర వేస్తుంది. జతగా ఉండే బహిరంగ తాళంతో ఆ ముద్ర నిజమా కాదా అని ఎవరైనా సరిచూడొచ్చు, కాని దాంతో కొత్త ముద్ర వేయలేరు. ఫైలు ప్రాపర్టీస్‌లో డిజిటల్ సిగ్నేచర్స్ అని కనబడేది ఇదే. నోట్‌ప్యాడ్ లాంటి కొన్ని విండోస్ ఫైళ్లకు ఈ పుట కనబడకపోవచ్చు. వాటి ముద్రలు విడిగా ఒక చిట్టాలో ఉంటాయి. కాబట్టి పుట కనబడలేదని కంగారు పడకుండా ప్రాసెస్ ఎక్స్‌ప్లోరర్‌లో వెరిఫై నొక్కి చూడాలి, అది చిట్టాను కూడా వెతుకుతుంది.

ముద్ర చెప్పేది రెండే మాటలు. ఇది ఫలానా తాళం ఉన్నవారు వేసినది, వేశాక ఎవరూ మార్చలేదు. ఆ తాళం దొంగల చేతుల్లో ఉందో లేదో అది చెప్పదు. 2010లో బయటపడిన స్టక్స్‌నెట్ ఇరాన్ అణుకేంద్రంలోని యంత్రాల్ని పాడుచేయడానికి పుట్టింది. దాని డ్రైవర్ల మీద రియల్‌టెక్ ముద్ర ఉంది. ఆ ముద్రను రద్దు చేస్తే జేమైక్రాన్ ముద్రతో ఇంకొకటి వచ్చింది. రెండూ తైవాన్‌లోని పేరున్న సంస్థలే, రెంటికీ షిన్చు సైన్స్ పార్కులో కార్యాలయాలున్నాయి. తాళాలు చోరీ అయ్యాయి. 2017లో ఇంకా ఘోరం జరిగింది. కంప్యూటర్ శుభ్రం చేసుకోవడానికి లక్షలమంది వాడే సీక్లీనర్ తయారయ్యే చోటికే దొంగలు చేరి లోపల విషం కలిపారు. అది సంస్థ అసలైన ముద్రతో, సంస్థ సొంత సైటు నుంచి, ఆగస్టు 15 మొదలు సెప్టెంబర్ 12 దాకా సుమారు 22.7 లక్షల కంప్యూటర్లకు చేరింది. పేరు, ఊరు, తల్లి, ముద్ర అన్నీ సరిగానే ఉన్నాయి. ఇంటి వంటవాడే లొంగిపోతే గుమ్మం దగ్గర కాపలా ఏం చేస్తుంది?

వేలిముద్రకు ఇంకో వాడుక ఉంది. స్పెయిన్‌లోని మాలగాలో 2004లో పుట్టి, 2012లో గూగుల్ చేతికి వెళ్లిన వైరస్‌టోటల్ అనే సేవలో ఒక ఫైలును పదుల కొద్దీ యాంటీవైరస్ ఇంజిన్లు పరీక్షిస్తాయి. చాలామంది ఫైలునే అక్కడికి ఎక్కించేస్తారు. నేను వద్దంటాను. ఎక్కించిన ఫైలు ఆ సేవకు డబ్బు కట్టిన వేరే సంస్థలకు కూడా అందుబాటులోకి వస్తుంది. ముందు వేలిముద్ర మాత్రమే ఇచ్చి వెతకాలి. ప్రపంచంలో ఎవరైనా ఇదివరకే చూసిన ఫైలైతే జవాబు వెంటనే వస్తుంది. పేరున్న విండోస్ ఫైలు అనుకున్నదాని వేలిముద్ర అక్కడ ఎవరూ ఎన్నడూ చూడనిదైతే, ఆ మౌనమే ఒక జవాబు. ఒకటి రెండు ఇంజిన్లు మాత్రమే చెడ్డదంటే అది వాటి పొరపాటు కావచ్చు.

ఇంతవరకు ఒక సంగతి నమ్ముకుని వచ్చాం, జాబితా నిజం చెబుతుందని. జాబితాయే అబద్ధం చెబితే?

2005 అక్టోబరు ఆఖరున ఇదే రుసినోవిచ్, దాగిన ఫైళ్లను పట్టడానికి తాను రాసిన రూట్‌కిట్ రివీలర్‌ను తన కంప్యూటర్ మీదే పరీక్షించుకుంటున్నాడు. అది దాగిన ఫోల్డరు ఒకటి, దాగిన డ్రైవర్లు, దాగిన ప్రోగ్రాము ఒకటి చూపించింది. కంప్యూటర్ లోపలి సంగతులు ఆయనకన్నా బాగా తెలిసినవాళ్లు కొద్దిమంది. ఆయన యంత్రంలోనే ఆయనకు తెలియనివాళ్లు కాపురం ఉంటున్నారు. తవ్వుతూ పోతే వ్యవహారం తేలింది. ఒక డ్రైవరు విండోస్ గుండెకాయ దాకా వెళ్లి, ఎవరైనా ఫైళ్ల జాబితా అడిగినా, ప్రాసెస్‌ల జాబితా అడిగినా, డాలరు గుర్తుల మధ్య ఎస్‌వైఎస్ అని మొదలయ్యే ప్రతి పేరునూ జవాబులోంచి తీసేస్తోంది. ఆయన నోట్‌ప్యాడ్‌కు ఒక నకలు తీసి, పేరు ముందు ఆ అక్షరాలు తగిలించి చూశాడు. కళ్లముందే మాయమైంది.

అది ఎక్కడి నుంచి వచ్చింది? ఆయన డబ్బిచ్చి కొనుక్కున్న పాటల సీడీలోంచి. సోనీ బీఎంజీ సంస్థ పాటలు నకలు తీయకుండా ఉండటానికని ఇంగ్లండులోని ఫస్ట్ 4 ఇంటర్నెట్ చేత రాయించుకున్న సరుకు అది. వెనక నడిచే దాని సేవకు వాళ్లు పెట్టిన పేరు ప్లగ్ అండ్ ప్లే డివైస్ మేనేజర్. వింటే విండోస్ సొంత భాగమే అనిపించాలని పెట్టిన పేరు. రెండేసి సెకన్లకు ఒకసారి అది నడుస్తున్న ప్రాసెస్‌లన్నిటినీ తడిమి చూస్తుండేది. ఆయన దాన్ని పెరికి పారేస్తే సీడీ డ్రైవే కనబడకుండా పోయింది. నవంబరు రెండో వారానికల్లా వేరే దొంగలు తమ ఫైళ్లకు అవే అక్షరాలు ముందు పెట్టుకుని, సోనీ వేసిన తెర వెనక దాక్కోవడం మొదలుపెట్టారు. ఆ నెలలోనే సంస్థ సీడీలను వెనక్కి తీసుకుంది. నాకు ఈ కథలో మింగుడుపడనిది దొంగతనం కాదు, దాన్ని చేసినవాళ్లు దొంగలు కాకపోవడం. మన ఇంట్లో మనకు తెలియకుండా మనిషిని పెట్టే హక్కు తమకుందని ఒక పెద్ద సంస్థ నమ్మింది. ఒక ప్రాసెస్ సురక్షితమా అన్న ప్రశ్నలో, అది ఎవరి మేలు కోసం నడుస్తోందన్న ప్రశ్న కూడా ఉందని నేను నేర్చుకున్నది ఇక్కడే.

మరి ఇన్ని పరీక్షలు దేనికి, తప్పకుండా తేల్చి చెప్పే యంత్రం ఒకటి కట్టలేమా? కట్టలేమని రుజువుంది. 1984లో ఫ్రెడ్ కోహెన్ ఇచ్చిన రుజువు అది. దాని మూలం 1936లో అలాన్ ట్యూరింగ్ వేసిన దారిలో ఉంది. ఏ ప్రోగ్రామునైనా చూసి ఇది వైరస్సా కాదా అని ఎప్పుడూ తప్పకుండా చెప్పగల సర్వజ్ఞుడు ఉన్నాడనుకుందాం. ఇప్పుడు నేనొక ప్రోగ్రాము రాస్తాను. అది చేసే పని ఇది: ముందు ఆ సర్వజ్ఞుడి దగ్గరకు పోయి, నేను వైరస్‌నా అని తన గురించే అడుగుతుంది. ఔనంటే బుద్ధిగా ఏ పనీ చేయకుండా ఆగిపోతుంది. కాదంటే ఊరంతా పాకుతుంది. సర్వజ్ఞుడు ఏమన్నా అబద్ధమే అవుతుంది. కాబట్టి అలాంటి సర్వజ్ఞుడు లేడు, ఉండబోడు. ఇది ఇవాళ్టి యంత్రాల చేతగానితనం వల్ల వచ్చింది కాదు, తర్కానికే ఉన్న హద్దు. నూటికి నూరుపాళ్లు రక్షణ అని అట్టపెట్టె మీద రాసి అమ్మేవాళ్లు ఈ రుజువు ముందు నిలబడలేరు.

చెడ్డవాళ్లందరినీ గుర్తుపట్టలేమని తేలాక, మంచివాళ్ల పట్టీ రాసుకుని మిగతావారిని గుమ్మం దగ్గరే ఆపడం ఒక దారి. మన హైదరాబాదులోని సీడాక్ తయారుచేసిన యాప్‌సంవిద్ చేసే పని అదే. పట్టీలో ఉన్నవాటినే విండోస్ మీద నడవనిస్తుంది. 2017 ఫిబ్రవరిలో భారత ప్రభుత్వం సైబర్ స్వచ్ఛతా కేంద్రాన్ని మొదలుపెట్టినప్పుడు దాన్ని ఉచితంగా విడుదల చేశారు. బ్యాంకు కౌంటరులోనో మీసేవ కేంద్రంలోనో, రోజూ అవే నాలుగు ప్రోగ్రాములు నడిచే చోట ఈ పద్ధతి చక్కగా అమరుతుంది. వారానికో కొత్త ప్రోగ్రాము దింపుకునే విద్యార్థి లాప్‌టాప్‌లో కష్టం.

మిగిలింది నడవడి. నడవడితో పట్టుబడ్డవాటిలో నేను ఎప్పటికీ మరిచిపోలేనిది 2024 మార్చి నాటి సంగతి. పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్ మీద పనిచేసే ఆండ్రెస్ ఫ్రాయిండ్ తన లినక్స్ యంత్రం మీద వేగం కొలతలు తీసుకుంటున్నాడు. దూరం నుంచి లాగిన్ అయ్యేవాళ్లను చూసుకునే ఎస్‌ఎస్‌హెచ్‌డి అనే డీమన్ ఉండాల్సిన దానికన్నా ఎక్కువ ప్రాసెసర్ వాడుతోంది. లాగిన్‌కు పట్టాల్సింది సుమారు 0.3 సెకను, పడుతున్నది 0.8. అర సెకను తేడా. ఇంకొకరైతే పోనిద్దురూ అనుకునేవారు. ఆయన పోనివ్వలేదు. తవ్వితే, ఫైళ్లను కుదించే ఎక్స్‌జెడ్ అనే చిన్న ఉచిత పనిముట్టు 5.6.0, 5.6.1 ప్రతుల్లో దొంగదారి ఒకటి దొరికింది. జియా టాన్ అనే పేరుతో ఎవరో రెండేళ్లకు పైగా ఓపిగ్గా మంచి పనులు చేసి, అలసిపోయిన అసలు నిర్వాహకుడి నమ్మకం సంపాదించి, చివరికి దాన్ని అందులో పెట్టారు. అప్పటికింకా అది చాలావరకు పరీక్షల దశలో ఉన్న లినక్స్ ప్రతుల్లోకే చేరింది. స్థిరమైన ప్రతుల్లోకి వెళ్లి ఉంటే ప్రపంచంలోని ఎన్నో సర్వర్ల తలుపులు ఒకరి చేతికి చిక్కేవి. మార్చి 29న ఫ్రాయిండ్ సంగతి లోకానికి చెప్పాడు. ఆ ఎస్‌ఎస్‌హెచ్‌డికి పేరు సరైనదే, ఊరు సరైనదే, తల్లి సరైనదే. పట్టించింది అర సెకను. అయితే ఆ అర సెకను ఎక్కువని తెలియాలంటే, మామూలుగా ఎంత పడుతుందో ముందే తెలిసి ఉండాలి. యంత్రం బాగున్న రోజుల్లో దాన్ని చూసి ఉన్నవాడికే అది బాగోలేని రోజు తెలుస్తుంది.

మా మేనకోడలి ఫ్యానూ నడవడే. టాస్క్ మేనేజర్ తెరవగానే నెమ్మదించడం మంచి ప్రోగ్రాము చేసే పని కాదు. 2019లో వరోనిస్ సంస్థ పరిశోధకులు నార్మన్ అనే దొంగ ప్రోగ్రామును బయటపెట్టారు. ఇతరుల కంప్యూటర్లలో మొనేరో నాణేలు తవ్వుతూ, టాస్క్ మేనేజర్ తెరిస్తే ఆగిపోయి, మూశాక తిరిగి మొదలయ్యేది. ఇదీ ఆ కోవలోదే అయి ఉంటుందనుకున్నాను. చూస్తే పారిపోయేదాన్ని చూడటం ఎలా? దొంగ పారిపోవచ్చు గాని, లాప్‌టాప్ ఆపి మళ్లీ వేసినప్పుడు తిరిగి రావాలంటే ఎక్కడో ఒకచోట తనను లేపమని చీటీ వదిలిపెట్టక తప్పదు. ఆ చీటీ పారిపోదు. విండోస్‌లో ఇలాంటి చీటీలు పెట్టే చోట్లు చాలా ఉన్నాయి, అన్నిటినీ ఒకచోట చేర్చి చూపేది సిస్‌ఇంటర్నల్స్ వాళ్ల ఆటోరన్స్.

ఆ రాత్రి వీడియో కాల్‌లో ఇద్దరం కూర్చున్నాం. ముందు నెట్ ఉండగానే ఆటోరన్స్ దింపుకుని, మైక్రోసాఫ్ట్ ముద్ర సరిపోయినవాటిని దాచెయ్యమన్నాను. వందల వరసలు ముప్పై చిల్లరకు వచ్చాయి. "గులాబీ రంగులో ఒకటుంది మావయ్యా" అంది. ప్రచురణకర్త ముద్ర లేని వరసకు ఆటోరన్స్ ఆ రంగు పూస్తుంది. షెడ్యూల్డ్ టాస్కుల్లో ఉంది. పేరు ఏదో అప్‌డేటర్ అని ఎంతో మర్యాదగా ఉంది. ఊరు అడిగితే యాప్‌డేటాలో ఒక మూల ఫోల్డరు. ఫైలు పుట్టిన తేదీ చదవమన్నాను. చదివి, కాసేపు మాట్లాడలేదు. "ఆ రోజు రాత్రే వీడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ క్రాక్ దింపాను" అంది.

వేలిముద్ర తీసి వెతికాం. సగానికి పైగా ఇంజిన్లు మైనర్ అన్నాయి, అంటే నాణేలు తవ్వేదని. ఆ తర్వాత పని ఎక్కువేమీ లేదు. నెట్ తీసేసి, టాస్కును, ఫైలును, దాన్ని తెచ్చిన క్రాకును తొలగించి, విండోస్ డిఫెండర్ చేత ఆఫ్‌లైన్ స్కాన్ చేయించాం. ఇలాంటి క్రాకుల్లో మైనర్‌తో పాటు పాస్‌వర్డ్‌లు ఎత్తుకుపోయేవీ తరచు కలిసి వస్తాయి గనుక, లాప్‌టాప్‌లో కాకుండా వాళ్లమ్మ ఫోన్‌లోంచి ఈమెయిల్, బ్యాంకు పాస్‌వర్డ్‌లు మార్పించాను. రిపోర్టును వేరేచోట భద్రం చేసుకుని, పరీక్షలు అయ్యాక విండోస్ కొత్తగా వేసుకోమన్నాను. ఒకసారి పాలనాధికారం ఇచ్చిన క్రాకు ఇంకా ఏమేం చేసిందో తేల్చి చెప్పడం కష్టం.

మర్నాడు పొద్దున్నే మళ్లీ ఫోన్. ప్రాసెస్ ఎక్స్‌ప్లోరర్ తనే దింపుకుందట.

"ఎస్‌విసిహోస్ట్‌లు డెబ్భై మూడు ఉన్నాయి మావయ్యా. రాత్రి ఒక్కోటీ చూశాను. అన్నీ సిస్టమ్32వే, అన్నిటికీ తల్లి సర్వీసెస్సే."